కేటోకి చదువు రాదని సభవారి తీర్మానం

అమెరికా వాళ్ళకి స్వతంత్రం వచ్చి అరవై ఏళ్ళు దాటినా, అది ముందు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుందే తప్ప పెరట్లోకి ఒక్కసారి తొంగి చూడని రోజులవి. మనుషులంతా పుట్టుకతో సమానమని రాసుకున్న కాగితాన్ని దొరలు అద్దాల చట్రంలో పెట్టుకుని మురిసిపోయేవారు. పెరట్లో చాకిరీ చేసే నల్లవాళ్ళని మాత్రం గొడ్డుని కొన్నట్టు కొనేవారు, అమ్మేవారు, పని లేనప్పుడు అద్దెకిచ్చేవారు. రాజధానిలో గుట్ట మీద తెల్లరాతి సభాభవనం ఉంది. దాని మెట్ల మీద నిలబడి చూస్తే బానిసల్ని అమ్మకానికి కట్టేసే దొడ్డి కనిపిస్తుంది. మన పల్లెల్లో బందెలదొడ్డి సైతం సిగ్గుపడి ఊరి చివర ఉంటుంది. అక్కడ ఆ మొహమాటం కూడా లేదు.

కేటో ఆ సభాభవనం పొయ్యిల్లో కట్టెలు వేసేవాడు. నలభై ఏళ్ళ మనిషి. వింక్‌ఫీల్డ్ దొరసాని అనే విధవరాలి సొత్తు. ఆవిడ అతన్ని సభకి అద్దెకిచ్చింది. పెళ్ళాం జ్వరమొచ్చి పోయింది. పదేళ్ళ కూతురు డైనా దొరసాని ఇంట్లో అంట్లు తోముతుంది. కేటోకి లోకంలో ఉన్నదల్లా ఆ పిల్ల. కాగితం ప్రకారం ఆ పిల్ల కూడా అతనిది కాదు.

ఆ ఏడు సభకో తలనొప్పి పట్టుకుంది. బానిసత్వం ఎత్తెయ్యమని ఉత్తరాది ఊళ్ళ నుంచి, అందులోనూ ఆడవాళ్ళ నుంచి, అర్జీలు రావడం మొదలెట్టాయి. వాన వెలిశాక పుట్టలోంచి ఉసిళ్ళు లేచినట్టు లేచాయి. అర్జీ వస్తే సభలో చదవాలి. చదివితే దానికి జవాబివ్వాలి. జవాబు మాట ఎత్తితే దక్షిణాది సభ్యులు చేతికర్రలు పైకెత్తుతారు. చూడబోతే అధ్యక్ష ఎన్నికలు నెత్తి మీదున్నాయి. ఉత్తరం వోటూ కావాలి, దక్షిణం వోటూ కావాలి. సభ రెండు వారాలు మేధోమథనం చేసి ఒక నిబంధన కనిపెట్టింది: "ఆ విషయమునకు సంబంధించిన అర్జీలన్నిటిని చదువక, అచ్చు వేయక, ప్రస్తావింపక బల్ల మీద ఉంచవలెను."

ఆ విషయం ఏ విషయమో నిబంధనలో రాయలేదు. రాస్తే ప్రస్తావించినట్టవుతుంది.

వారం తిరక్కుండా ఉత్తరాది ముసలి సభ్యుడు హాప్‌గుడ్ లేచాడు. ఎనభై ఏళ్ళ మనిషి. పళ్ళు ఊడినా కరవడం మానలేదు.

"అధ్యక్షా, నిన్న పెద్ద గుమాస్తాగారు ముప్ఫై అర్జీలు చదవకుండా బల్ల మీద పెట్టారట. అవి ఆ విషయానివేనని వారికి ఎలా తెలిసింది? కల్లో కనిపించిందా?"

పెద్ద గుమాస్తా ఎజ్రా ఫిచ్ లేచి నిలబడ్డాడు. నిబంధనలంటే ప్రాణమిచ్చే మనిషి. "పైపైన చూశానండి," అన్నాడు.

"పైపైన చూస్తే ఏం కనిపించింది?"

"ఆ విషయం కనిపించిందండి."

"అంటే చదివారు."

చదివారు కాబట్టి ఆ ముప్ఫై అర్జీలకీ సభ జవాబివ్వాల్సి వచ్చింది. మూడు రోజులు చర్చ నడిచింది. పదకొండు కుర్చీలు విరిగాయి, ఒక సభ్యుడి ముక్కు వంకర పోయింది. నాలుగో రోజు "చదువకయే గుర్తించు విధాన ఉపసంఘం" ఏర్పడింది. దాని పెద్ద లెమ్యుయల్ పెండర్‌గ్రాస్. పొట్ట ముందు నడిస్తే తను వెనక నడిచే దక్షిణాది దొర.

ఉపసంఘం కూర్చున్న గదిలో కేటో పొయ్యి ఎగదోస్తున్నాడు.

"అర్జీలను వేరుచేయు ఉద్యోగి అక్షరజ్ఞాన రహితుడై ఉండుట అవసరమని ఈ ఉపసంఘం భావిస్తున్నది," అన్నాడు పెండర్‌గ్రాస్.

"దానికేం భాగ్యం. మన సభలోనే వెతికితే..." అని ఒకాయన మొదలెట్టి, చుట్టూ నలుగురు నేల చూపులు చూడడం గమనించి దగ్గుతూ ఆగిపోయాడు.

"తెల్లవాడు పనికిరాడు. ఏ సాయంత్రమో బుద్ధి పుట్టి నేర్చేసుకోవచ్చు. ఆపే చట్టం లేదు. మనకి కావలసింది చట్టరీత్యా చదువు రానివాడు."

బానిసకి అక్షరం నేర్పితే శిక్ష అని దక్షిణాది చట్టం. ఐదుగురి చూపులూ ఒక్కసారే పొయ్యి వైపు తిరిగాయి.

"ఒరేయ్ కేటో, నీకు చదువొచ్చా?"

"రాదు దొరా."

"నేర్చుకుంటావా?"

"వీపు నాది కాదు గదా దొరా, దొరసానిగారిది. అది చెడగొడితే ఆవిడ ఊరుకోరు."

ఇంత వివేకం చదువుకున్నవాడికి ఉండదని ఉపసంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. కేటోకి "చదువక వేరుచేయువాడు" అని ఉద్యోగం పేరు పెట్టారు. పెద్ద కిటికీ పక్కన ఎత్తు పీట వేశారు. పెండర్‌గ్రాస్ ముందుచూపున్న మనిషి కనుక ఇంకో కట్టుదిట్టం కూడా చేశాడు. సదరు ఉద్యోగి అర్జీ యొక్క వ్రాతవైపు చూడరాదు, ఖాళీగా ఉన్న వెనుకవైపు మాత్రమే చూడవలెను.

అసలు సంగతేమిటంటే కేటోకి చదువొచ్చు.

సభకి రాకముందు దొరసాని అతన్ని ఏడేళ్ళు ఒక పత్రిక అచ్చాఫీసుకి అద్దెకిచ్చింది. నేల ఊడ్చి, కిందపడిన సీసపు అక్షరాలు ఏరి, ఏ గడిది ఆ గడిలో వెయ్యడం అతని పని. గడి తప్పితే దెబ్బలు. దెబ్బలు తప్పించుకోడానికి అక్షరాలు గుర్తుపట్టాడు. గుర్తుపట్టినవి కలుపుకుంటూ పోతే మాటలయ్యాయి. అయితే అచ్చు అక్షరం అద్దంలో మొహంలాగా తిరగబడి ఉంటుంది. అది తిరగబడి ఉందని కేటోకి చెప్పినవాడు లేడు. కాగితం మీద అక్షరం దానికి ఎదురు తిరిగి ఉంటుందని తెలిసేసరికి అతని చదువు గట్టిపడిపోయింది. సూటి రాత అతనికి వెనక్కి నడిచినట్టుండేది. కాగితం తిప్పి, వీపు తన వైపు పెట్టుకుని, వెలుతురుకి ఎత్తితే మాత్రం సిరా అవతల నుంచి తేలి, తనకి తెలిసిన మొహాలతో పలకరించేది.

అలా సభవారు వెతికి వెతికి, అర్జీని వెనక నుంచి చదవగల ఒకే ఒక్క మనిషిని పట్టుకొచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెనకవైపే చూడమని ఆజ్ఞాపించారు.

కేటో ఒక్క తప్పు చెయ్యలేదు. వంతెన కట్టించమన్న అర్జీ ఎడంపక్క, ఆ విషయం అర్జీ కుడిపక్క. ఎలా పోల్చుకుంటున్నావని ఫిచ్ అడిగితే, "వాసన దొరా. ఆడాళ్ళు రాసింది గదా, సబ్బు వాసనొస్తది," అన్నాడు. ఒక ప్రఖ్యాత వైద్యుడొచ్చి కేటో ముక్కు పొడవు, వెడల్పు కొలుచుకుని, ఈ ప్రజ్ఞ ఆ జాతికి పుట్టుకతో వచ్చేదని నూట అరవై పేజీల పుస్తకం రాశాడు.

మొదటి రోజే ఒక పొడుగాటి చుట్ట వచ్చింది. పదకొండు వందల మంది ఆడవాళ్ళ సంతకాలు. నేతగత్తెలు, పంతులమ్మలు, రొట్టెలు కాల్చేవాళ్ళు. ఎవరో ఏమిటో, కేటో మొహం ఎరగనివాళ్ళు, అతని పిల్లని అతని దగ్గరుండనివ్వండని అడుగుతున్నారు. పదకొండు వందల పేర్లూ వెనక నుంచి చదివాడు. చదివి, తన చేత్తోనే కుడిపక్క పెట్టాడు. వేరే పక్క పెడితే తల పోతుంది.

ఆరునెలల్లో బల్ల విరిగింది. నిబంధనలో బల్ల అనే ఉంది గాని బీరువా అని లేదు. కాబట్టి రెండో బల్ల తెచ్చి జోడించారు. తర్వాత పదో బల్ల, ముప్ఫయ్యో బల్ల. "బల్ల పొడిగింపు ఉపసంఘం" వేశారు. వేసవి దాటేసరికి సభ జరిగే హాలంతా బల్లలే. సభ్యులు వసారాలోకి మారారు. సభాపతి మెట్ల కింద కూర్చుని, పైన ఎవరైనా నడిస్తే నెత్తిన దుమ్ము దులుపుకుంటూ, దేశాన్ని నడిపాడు.

ఈలోగా ఎన్నికలొచ్చాయి. పెండర్‌గ్రాస్ పార్టీ జనరల్ ఓబడయా క్రంప్ అనే ఆయన్ని నిలబెట్టింది. ఆయన గొప్పతనమల్లా ఆ విషయం మీద ఆయన అభిప్రాయం ఎవరికీ తెలియకపోవడం. ఎదటి పార్టీ అభ్యర్థి ఒకసారి విందులో "ఏమో మరి" అన్నాడని బయటపడింది, ఆయన పని అయిపోయింది. చిక్కల్లా జనరల్ గారి పాత ఉత్తరాల పెట్టెతో వచ్చింది. అందులో ఏమైనా ఉందేమో చూడాలి, చూస్తే తెలిసిపోతుంది. పెట్టె కేటో పీట దగ్గరకొచ్చింది.

కేటో వెలుతురుకి ఎత్తి చూశాడు. ఉత్తరాది స్నేహితులకి జనరల్ గారు బానిసత్వం మహాపాపమని రాశాడు. అదే తారీఖున దక్షిణాది స్నేహితులకి అది దేవుడి ఏర్పాటని రాశాడు. రెండింట్లోనూ ఒకే కన్నీటి చుక్క వర్ణన. అన్నీ కుడిపక్క పెట్టాడు, పార్టీవాళ్ళు పొయ్యిలో పెట్టారు. జనరల్ గారు స్వయంగా చూడ్డానికొచ్చాడు.

"ఏరా, ఆ విషయం మీద నా అభిప్రాయం ఏమిటో నీకు తెలుసా?"

"నాకేం తెలుసు దొరా."

"మంచిది. నాకూ తెలీదు," అని భుజం తట్టి వెళ్ళాడు. భారీ మెజారిటీతో గెలిచాడు.

ఫిబ్రవరిలో హాప్‌గుడ్ మళ్ళీ లేచాడు. ముసలాయన మంచివాడే. అయితే మంచివాళ్ళు బాణం వేసేటప్పుడు గురి చూస్తారు గాని, దారిలో ఎవరున్నారో చూడరు.

"ఆ కిటికీ దగ్గరి మనిషికి చదువు రాదనడానికి రుజువేమిటి అధ్యక్షా? వస్తే గనక, ఇన్నాళ్ళ అర్జీలూ చదివినట్టే. అన్నిటికీ జవాబివ్వాలి."

వసారా అంతా గగ్గోలు. మర్నాడే పరీక్ష పెట్టారు. దేశంలో చదువు వచ్చిందని పరీక్ష పెట్టడం ఉంది గాని, రాదని పెట్టడం అదే మొదలు. పెండర్‌గ్రాస్, ఇద్దరు ఆచార్యులు, ఒక మతగురువు, ముక్కు కొలిచిన వైద్యుడు బారుగా కూర్చున్నారు. బైబిలు చూపించారు, పంచాంగం చూపించారు. కేటో గేదె గోడ వైపు చూసినట్టు చూశాడు.

పెండర్‌గ్రాస్ కాసేపు గడ్డం గోక్కుని, ఒక చీటీ మీద ఏదో గిలికి, కేటో ముందు పెట్టాడు. ఐదుగురూ కాగితం వదిలేసి అతని మొహంలోకి వంగారు.

సూటి రాత. కేటోకి ఒక్కో మాటా ముల్లు తీసినట్టు మెల్లగా వచ్చింది. 'నీ. కూతుర్ని. దొరసాని. పత్తి పొలాల. వ్యాపారికి. అమ్మింది. ప్రమాణస్వీకారం. మర్నాడు. తోలుకుపోతాడు.'

పత్తి పొలాలకి పోయిన పిల్ల తిరిగి వచ్చిందని ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. కేటో ఆఖరి మాట దాకా చదివి, నవ్వాడు.

"చీమలు బారులు తీరినట్టు చక్కగా ఉంది దొరా. ఇదిగో, ఈ చివర చీమకే ఒక కాలు పొడుగైంది."

గది గొల్లుమంది. "ఇది చదివి ఏ తండ్రీ నవ్వలేడు. కనుక చదవలేదు," అని ఆచార్యులు సంతకాలు పెట్టారు.

కేటో పొయ్యి దగ్గరికి వెళ్ళి కట్టె ఎగదోశాడు. వెనక ఫిచ్ గొంతు తగ్గించి అడగడం వినిపించింది. "అయ్యా, ఆ రాసింది నిజమేనాండీ?"

"నిజమే. అప్పటికప్పుడు అబద్ధం తట్టలేదు," అన్నాడు పెండర్‌గ్రాస్. "నిన్న విందులో ఆవిడే చెప్పింది. ప్రమాణస్వీకారం రాత్రి నృత్యసభకి ఆ డబ్బుతో కొత్త పట్టుగౌను కుట్టించుకుంటోందట."

చేతిలో కట్టె కాలేదాకా కేటో దాన్ని వదల్లేదు.

సభ తీర్మానం చేసింది. "వింక్‌ఫీల్డ్ దొరసాని సొత్తగు కేటో అనువానికి చదువుట గాని వ్రాయుట గాని రాదనియు, ఇకముందు సైతము రానేరదనియు, నూట పన్నెండు వోట్లతో ధ్రువపరచడమైనది." దాని కింద పిడికెడంత లక్కముద్ర. ఎవరడిగినా చూపించేందుకు రేకు గొట్టంలో పెట్టి కేటో మెడలో వేలాడదీశారు.

కేటో ఆ రాత్రే పారిపోలేదు. పారిపోయే బానిస రాత్రే పోతాడని పహరావాళ్ళకి తెలుసు. పట్టపగలు, భోజనాల వేళ, ఫిచ్ బల్ల దగ్గరే ఫిచ్ కలంతో పని మొదలెట్టాడు. ఎవరో సభ్యుడు వచ్చి చూసి, "పాపం, రాసేవాళ్ళని చూసి వీడూ గీస్తున్నాడు," అని జాలిపడి పోయాడు. కేటో చెయ్యి రాస్తే తిరగబడే వస్తుంది. అందుకని చిక్కటి సిరాతో తిరగేసి రాసి, తడి ఆరకముందే మీద ఇంకో కాగితం అద్దాడు. ఎత్తితే సూటి రాత, కాస్త వెలిసినట్టుగా తేలింది. 'నా బానిస కేటోని, పిల్ల డైనాని, పెన్సిల్వేనియాలో ఉన్న మా అక్కగారింటికి పంపుతున్నాను. దారిలో ఆపవద్దు. ఇట్లు వింక్‌ఫీల్డ్.' పెన్సిల్వేనియాలో మనుషుల్ని అమ్మడం, కొనడం లేదు.

మార్చి నాలుగు. కొత్త అధ్యక్షుడి ప్రమాణం. ఊరంతా గుట్ట కింద తొక్కుకుంటోంది. దొరసాని పట్టుగౌను సర్దుకుంటూ బండెక్కింది. కేటో పెరట్లోకి వెళ్ళి అంట్ల ముందు నుంచి కూతుర్ని లేపాడు.

"ఎక్కడికయ్యా?"

"దొరసానిగారి అక్కగారింటికి."

"ఆవిడకి అక్క లేదు గదయ్యా."

"ఉందే అమ్మీ. కాగితంలో ఉంది. చెయ్యి తుడుచుకో."

ఉత్తరాదికి పోయే దారిలో వంతెన దగ్గర పహరావాడు ఆపాడు. అప్పటికే అధ్యక్షుడి ఆరోగ్యం కోసం నాలుగు గ్లాసులు తాగి ఉన్నాడు. చీటీ తీసుకుని వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"సిరా ఇంత పలచనేంట్రా?"

"దొరసానిగారు నీళ్ళు కలుపుతారు దొరా. విందుల్లో సారా కూడా అంతే."

"ఆవిడ సంగతి నేనూ విన్నాలే." పహరావాడు నవ్వి, అంతలోనే కళ్ళు చికిలించాడు. "ఇది నువ్వే రాసుకోలేదని ఏంటి నమ్మకం?"

కేటో మెడలో గొట్టం విప్పి తీర్మానం చూపించాడు. పహరావాడు అంతా చదవలేకపోయాడు గాని ముద్ర చూసి టోపీ తీశాడు. వేళ్ళు మడిచి లెక్క తేల్చాడు.

"నీకు రాయడం రాదని దేశ సభే చెప్తోంది. అంటే ఇది నువ్వు రాసింది కాదు. అంటే ఆవిడే రాసింది. పోండి."

వంతెన దాటి రెండు ఫర్లాంగులు నడిచాక డైనా అడిగింది. "అయ్యా, ఆ పెద్ద ముద్ర కాగితంలో ఏముంది?"

"నాకు చదువు రాదని ఉంది."

"ఉందని నీకెవరు చెప్పారు?"

"చదివాను."

ఆ సమయానికి గుట్ట మీద జనరల్ క్రంప్ గారు రెండు గంటల ఉపన్యాసం మధ్యలో ఉన్నారు. వాతావరణం, దేవుడు, పూర్వీకులు, కాలవల తవ్వకం, అన్నీ వచ్చాయి. ఆ విషయం రాలేదు.

మర్నాడు వ్యాపారి బండి తోలుకొచ్చాడు. పిల్ల లేదు. దొరసాని ఏడుస్తూ సభకొచ్చి పెండర్‌గ్రాస్ ముందు కూలబడింది. పహరావాడి దగ్గర అంతా విని వచ్చింది.

"దొంగ చీటీ రాసుకుని పిల్లతో సహా పోయాడండీ. వెంటనే మనుషుల్ని పంపించండి."

పెండర్‌గ్రాస్ లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. వాడు చీటీ రాశాడంటే వాడికి రాయడం వచ్చు. రాయడం వస్తే చదవడమూ వచ్చు. వస్తే సభ తీర్మానం అబద్ధం. అర్జీలన్నీ చదివినట్టే. అన్నిటికీ జవాబివ్వాలి. ఆపైన జనరల్ గారి పెట్టెలో ఉత్తరాలూ చదివినట్టే.

"అమ్మా," అన్నాడు చివరికి, "మీ కేటో ఎక్కడికీ పోలేదు."

"పీట ఖాళీగా ఉంది గదండీ."

"అది మీ కంటికి. సభ దృష్టిలో సదరు ఉద్యోగి విధినిర్వహణలో ఉన్నాడు. ఉన్నవాణ్ణి వెతికించే అధికారం సభకి లేదు."

"మరి పిల్ల?"

"తండ్రి ఇక్కడే ఉండగా పదేళ్ళ పిల్ల ఒక్కతీ అంత దూరం ఎలా పోతుందమ్మా. ఇంట్లోనే సరిగ్గా చూసుకోండి."

ఆ మధ్యాహ్నమే, కేటో తన పీట మీద ఉన్నాడని సభ తీర్మానించింది. ఫిచ్ రోజూ హాజరు వేసేవాడు. మొదట్లో చుట్టూ చూసి మరీ వేసేవాడు. తర్వాత అలవాటైపోయి, "కేటో, ఇవాళ చలిగా ఉంది కదూ," అని పలకరించడం కూడా మొదలెట్టాడు. వచ్చిన అర్జీ పీట మీద ఒక పూట ఉంచేవారు. కేటో ఎడంపక్క పెట్టకపోతే కుడిపక్కే అని అర్థం. కనుక వంతెన అర్జీలు, విధవల భరణం అర్జీలు, కలరా మందుల అర్జీలు, సమస్తమూ ఆ విషయం కిందికే పోయాయి. సభకి ఇక చదవడానికి ఏమీ మిగల్లేదు. దేశం ఇంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని అధ్యక్షుడు ప్రకటించాడు. మాట్లాడకుండా, సెలవడక్కుండా పనిచేస్తున్నందుకు కేటోకి రెండేళ్ళు వరసగా ప్రశంసాపత్రం ఇచ్చారు.

మూడో ఏడు ఉత్తరాది నుంచి ఒక సన్నటి కవరు వచ్చింది. ఫిచ్ విప్పి చూస్తే గుండ్రటి చిన్న అక్షరాలు, ఒక్కటీ తెలిసినట్టు లేదు. ఒక ఆచార్యుడు హీబ్రూ అన్నాడు. ఇంకొకాయన చూసి, చదవడానికి రాకపోవడమే దీని సుగుణమన్నాడు. ఒక పూట పీట మీద ఉంచి, కుడిపక్క బల్లల్లో, దుమ్ము పట్టిన పదకొండు వందల సంతకాల చుట్ట మీద పెట్టేశారు. పక్కనే పెద్ద కిటికీ. తిరగేసి వెలుతురుకి ఎత్తాలని ఎవరికీ తోచలేదు. ఎత్తి ఉంటే ఇలా ఉండేది:

'మహాసభవారికి. ఇది నేను చెబుతుంటే నా కూతురు డైనా రాసింది. నాకు రాయడం రాదని తమరే తీర్మానించారు గదా. ఇక్కడి బళ్ళో దీనికి సూటిగా రాయడమే నేర్పారు. తమ అలవాటు తెలిసినవాణ్ణి కనుక నేనే తిప్పి రాయించాను. మొదటి రోజు నేను కుడిపక్క పెట్టిన పొడుగాటి చుట్టలో పదకొండు వందల మంది ఆడవాళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. మీలో చదువొచ్చినవాడు ఎవరైనా దొరికితే చదివించండి.'